గాలిలో గంట, నేలమీద పూట

గన్నవరంలో విమానం ఎక్కితే గంటలో విశాఖపట్నంలో దిగవచ్చునంటారు. ఈ మాట అబద్ధమేమీ కాదు. విమానాల వేళల పట్టికలో అలాగే ఉంటుంది, టిక్కెట్టు మీదా అలాగే అచ్చవుతుంది. అయితే నూజివీడు మామిడి తోటల నుంచి బయలుదేరే మనిషి ఆ గంటను నమ్ముకుని విశాఖలో సాయంత్రం పని పెట్టుకుంటే ఆ పని చేజారినట్లే. మధ్యాహ్నం అన్నం తిని గడప దిగినవాడు రాత్రి భోజనం వేళకు గాని విశాఖ ఊళ్ళోకి చేరడు. మరి మిగతా గంటలన్నీ ఎక్కడికి పోతున్నాయన్నది కాస్త లెక్కవేసి చూడవలసిన సంగతి.

గన్నవరం విమానాశ్రయానికీ విశాఖ విమానాశ్రయానికీ మధ్య పటం మీద సూటిగా గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లు వస్తుంది. విజయవాడ నుంచి విశాఖకు రైలు మార్గం 350 కిలోమీటర్లు, రోడ్డు కూడా ఇంచుమించు అంతే. ఇటువంటి దగ్గరి దూరాలకు వాడే ఏటీఆర్ విమానం, అదే రెక్కలకు పంకాలు తిరిగేది, గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఆ లెక్కన ఆకాశంలో ఉండేది ముప్పావుగంట లోపే. పట్టికలో గంట అని రాయడానికి కారణం ఉంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినది మొదలు అవతలి ఊళ్ళో ఆగే చోటికి చేరేదాకా వారు కాలం లెక్కవేస్తారు. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, పైకి లేవడం, దిగేముందు తన వంతు కోసం తిరగడం అన్నీ అందులో కలుస్తాయి. విమాన సంస్థ తన పద్దు తాను సరిగానే రాసుకుంది. ఆ పద్దులో ప్రయాణీకుడి ఇల్లు ఎక్కడా లేదు.

ఇంటి దగ్గర నుంచి లెక్క మొదలుపెడితే కథ వేరుగా ఉంటుంది. నూజివీడు నుంచి గన్నవరం విమానాశ్రయానికి ఆగిరిపల్లి మీదుగా రోడ్డు దారి 30 కిలోమీటర్ల పైచిలుకు. హనుమాన్ జంక్షన్ మీదుగా పోతే 40 దాటుతుంది. కారు ఉన్నవారికి ఇది గంటలోపు పని. బస్సును నమ్ముకున్నవారి సంగతి అలా కాదు. నూజివీడు నుంచి విజయవాడకు బస్సులకు కొదవలేదు. కాని వాటి వేళలు విజయవాడలో కాలేజీలకు, ఆస్పత్రులకు, ఆఫీసులకు పోయేవారిని చూసి వేసినవి. ఆగిరిపల్లి, నున్న మీదుగా పోయే బస్సు గన్నవరం ముఖమే చూడదు. జంక్షన్‌కు పోయి, అక్కడ రోడ్డు పక్కన నిలబడి, విజయవాడ వైపు పోయే మరో బస్సు పట్టుకుని, విమానాశ్రయం దగ్గర దిగి, మూటాముల్లె మోసుకుంటూ లోపలికి నడవాలి. ఆటో మాట్లాడుకుందామంటే అడిగినంత ఇవ్వాలి. పెళ్ళివారో, పరీక్షకు పోయే పిల్లవాడో అయితే ఆ ఆదుర్దాలో బేరం ఎవరాడతారు?

సాయంత్రం 6 గంటలకు విమానం ఉన్నదనుకుందాం. సామాను తీసుకునే కౌంటరు గంట ముందే మూసేస్తారు. ఆలస్యమైతే టిక్కెట్టు డబ్బు గాలిలో కలిసినట్లే గనుక, పల్లెటూరి మనిషి గంటన్నర ముందు, అంటే నాలుగున్నరకల్లా గేటు దగ్గర ఉండాలనుకుంటాడు. అందుకు నూజివీడు బస్టాండులో రెండున్నరకు బస్సు ఎక్కాలి. చాట్రాయి, ముసునూరు మండలాల లోపలి ఊళ్ళవారయితే ఒంటిగంటకే కదలాలి. అవతల 7 గంటలకు విమానం దిగుతుంది. సామాను చేతికి వచ్చేసరికి ఏడున్నర. ఊళ్ళోకి చేరేసరికి ఎనిమిదింబావు. నూజివీడు మనిషికి ఆరు గంటలకు పావుగంట తక్కువ. చాట్రాయి లోపలి పల్లె మనిషికి ఏడు గంటల పైమాట. ఇందులో గాలిలో ఉన్నది ముప్పావుగంట కూడా లేదు.

ఇప్పుడు రైలు చూద్దాం. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ రైలు విజయవాడ నుంచి విశాఖకు సుమారు నాలుగు గంటల్లో చేరుస్తుంది. నూజివీడు నుంచి విజయవాడ స్టేషనుకు గంటన్నర, అక్కడ అరగంట ఎదురుచూపు కలుపుకున్నా మొత్తం ఆరు గంటలు. దిగేది ఊరి నడిబొడ్డున. విమానానికీ రైలుకూ తేడా పావుగంట. ఆ పావుగంటకు పెట్టవలసిన డబ్బు మాత్రం పావుగంటది కాదు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌కు ఆరు గంటలు పట్టినా పల్లె జనం దానినే పట్టుకుని ఉండటానికి కారణం తెలియనితనం కాదు, లెక్క తెలియడమే.

పూర్వం దూరాన్ని ఆమడల్లో చెప్పేవారు. అంతకన్నా ఎక్కువగా కాలంతో చెప్పేవారు. పూట ప్రయాణం, రెండు పూటల ప్రయాణం, తెల్లవారుజామున బండి కడితే పొద్దెక్కేసరికి చేరే ఊరు, ఇలాగ. ఎడ్ల బండి ఇంటి ముందు కట్టేవారు, అవతల ఇంటి ముందు విప్పేవారు. అందువల్ల ఆ లెక్కలో మోసం ఉండేది కాదు. రైలు వచ్చాక దూరం స్టేషను నుంచి స్టేషనుకు లెక్కించడం మొదలయింది. ఆ సంగతి నూజివీడు వారికి ఇంకొకరు చెప్పనక్కర లేదు. నూజివీడు పేరు పెట్టుకున్న రైల్వే స్టేషను నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గర పెరికీడులో ఉంది. కొత్తగా వచ్చిన కోడలో, ట్రిపుల్ ఐటీలో చేరడానికి వచ్చిన పిల్లవాడో ఆ బోర్డు చూసి దిగి, ఊరెక్కడ అని అడిగితే, ఇంకా ఇరవై కిలోమీటర్లు బస్సులో పోవాలని చెబుతారు. అలాగే విజయవాడ విమానాశ్రయం విజయవాడలో లేదు, గన్నవరంలో ఉంది. నూజివీడు వైపు వారికి ఇది నిజానికి కలిసివచ్చిన సంగతి. విజయవాడ వారికన్నా తమకు విమానాశ్రయం మరీ దూరమేమీ కాదు. ఆ కలిసివచ్చిన దానిని వాడుకోవడానికే దారి లేదు.

విమానాశ్రయాలు ఊళ్ళకు దూరంగా జరుగుతున్న కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. హైదరాబాదులో 2008 మార్చి వరకు బేగంపేటలో దిగేవారు. దిగితే ఊళ్ళో ఉన్నట్లే. తరువాత శంషాబాద్‌కు మార్చారు. గన్నవరం నుంచి గాలిలో పట్టే కాలం మారలేదు గాని, దిగినవాడు అమీర్‌పేటకో సికింద్రాబాదుకో చేరడానికి గంట పైన కలిసింది. విశాఖకూ అదే దారి కనబడుతున్నది. నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగాలో ఉన్న విమానాశ్రయం ఊరిని ఆనుకుని ఉంటుంది. భోగాపురం దగ్గర కొత్త విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అది విశాఖ నగరానికి 45 కిలోమీటర్ల దూరం. అక్కడ దిగిన నూజివీడు మనిషి, దిగిన తరువాత మళ్ళీ నూజివీడు నుంచి విజయవాడకు పోయినంత దూరం పోవాలి. విజయనగరం, శ్రీకాకుళం పోయేవారికి అది మేలే, కాదనలేము. కాని విశాఖ పోయేవారికి పైన చెప్పిన పావుగంట లాభం కూడా మిగలదు.

ఇంతవరకు చెప్పినది నేరుగా పోయే విమానం ఉన్న రోజు సంగతి. లేని రోజు ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా విన్నది. విశాఖ నుంచి గన్నవరానికి ఉదయం పూట విమానం ఆగిపోయిన రోజులవి. భీమిలి శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు ఉదయం 8 గంటలకు విశాఖలో బయలుదేరి, హైదరాబాదు పోయి, అక్కడ మరో విమానం ఎక్కి గన్నవరం చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఆంధ్ర నుంచి ఆంధ్రకు తెలంగాణ మీదుగా రావలసి వచ్చిందని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. ముక్కు ఎక్కడున్నదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించినట్లుంది ఈ ప్రయాణం. విశాఖ నుంచి శంషాబాద్‌కు సూటిగా సుమారు 510 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి గన్నవరానికి 260. అంటే 290 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి 770 కిలోమీటర్లు ఎగిరారన్నమాట. పటం మీద ఆ గీత కొత్తగూడెం దగ్గరగా పోతుంది. కొత్తగూడెం ఆకాశంలో ఉన్నప్పుడు గన్నవరం ఎంత దగ్గరో, శంషాబాద్ అంతకు రెండింతల దూరం.

ఆ ఉదయం విమానం 2025 జూన్ 1న మళ్ళీ మొదలయింది. మంచిదే. శాసనసభ్యుడికి ఒక పూట పోతే పత్రికలకు ఎక్కింది, ఢిల్లీ దాకా వినబడింది. అందులో ఆయన తప్పేమీ లేదు, చెప్పవలసిన మాటే చెప్పారు. ఎన్నో ఏళ్ళుగా జంక్షన్‌లో బస్సు కోసం ఎండలో నిలబడేవారి పూటలు మాత్రం ఏ లెక్కలోకీ రావడం లేదు. ఇంకొక సంగతి గమనించాలి. ఆ ఉదయం విమానం ఆగిన ఏప్రిల్, మే నెలలు నూజివీడు ప్రాంతానికి ఏడాది మొత్తంలో అతి ముఖ్యమైనవి. బంగినపల్లి కోతకు వచ్చేది, రసాలు పండేది, వ్యాపారులు వచ్చేది, పిల్లలు సెలవులకు ఇళ్ళకు చేరేది, చుట్టాలు పండ్ల కోసం దిగేది అప్పుడే. విమానం ఎక్కేవారు కొద్దో గొప్పో ఉంటే ఆ రెండు నెలల్లోనే ఉంటారు.

గన్నవరం విమానాల చరిత్రలో ఈ రావడం, ఆగడం కొత్తేమీ కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం కోసం వేసిన విమానాల దిబ్బ అది. చిన్న ఊళ్ళను కలపడానికి వాయుదూత్ సంస్థను 1981లో పెట్టారు, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాదు-విజయవాడ విమానం మొదలుపెట్టిన రోజున బేగంపేటలోనే ఇంజనుకు మంటలంటుకుని ప్రయాణం ఆగింది. అందులో వెంకయ్యనాయుడు కూడా ఉన్నారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. 2017లో అంతర్జాతీయ విమానాశ్రయం హోదా వచ్చింది. 2018 డిసెంబరు 4న సింగపూరుకు విమానం ఎగిరింది. రాష్ట్ర ప్రభుత్వం నష్టానికి హామీ పడినన్నాళ్ళు నడిచి, 2019లో ఆ హామీ పోగానే ఆగింది. 2022 అక్టోబరు 31న షార్జాకు మొదలయింది. రన్‌వేను 3 కిలోమీటర్లకు మించి పొడిగించారు. అందుకు బుద్ధవరం, కేసరపల్లి వైపు రైతులు పచ్చని పొలాలు ఇచ్చారు. రన్‌వేకు దొరికిన భూమి, డబ్బు, పట్టుదల, దాని దగ్గరికి పల్లెల నుంచి చేరే బస్సుకు ఎందుకు దొరకలేదో అర్థం కాదు.

2017 ఏప్రిల్ 27న కేంద్రం ఉడాన్ పథకం ప్రారంభించింది. హవాయి చెప్పులు వేసుకునేవారు కూడా విమానం ఎక్కాలన్నది ప్రధాని మోదీ ఆనాడు చెప్పిన మాట. గంట ప్రయాణానికి సగం సీట్ల ధర 2,500 రూపాయలు మించరాదని నియమం పెట్టారు. ఉద్దేశం మెచ్చుకోదగినది. కడపవంటి ఊళ్ళకు దానివల్ల విమానం వచ్చింది కూడా. కాని ఆ పథకమూ రన్‌వే నుంచి రన్‌వేకే దూరం కొలిచింది. హవాయి చెప్పులతో జంక్షన్ దాకా వచ్చినవాడు అక్కడి నుంచి ఎలా పోతాడన్నది అందులో లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదని ఊరికే అనరు.

పల్లెటూళ్ళ వారు విమానాలు ఎక్కుతారా, ఈ గొడవ ఎందుకు అని కొందరు అనవచ్చు. ఎక్కుతున్నారు. నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. ఉత్తరాంధ్ర పిల్లలు ఎందరో అక్కడ చదివారు. పిల్లవాడికి జ్వరమని ఫోను వస్తే తల్లిదండ్రులు రైలు వేళ చూసుకుంటూ కూర్చోరు, దొరికినది ఎక్కుతారు. ఇటు నుంచి విశాఖలో ఉద్యోగాలు చేసేవారు, అక్కడ ఆపరేషను చేయించుకునేవారు, కూతుళ్ళను ఇచ్చినవారు ఉన్నారు. గల్ఫులో పని చేసుకునేవారి ఇళ్ళు ప్రతి మండలంలో కొన్ని ఉంటాయి. వీరంతా డబ్బు ఎక్కువై ఎక్కరు. ఒకరోజు కలిసివస్తుందని, ఒక చావుకో ఒక పురుడుకో అందుకోగలమని ఎక్కుతారు. అందుకోలేకపోతే పెట్టిన డబ్బు పోయిన బాధ కన్నా ఆ బాధ ఎక్కువ.

మామిడి పండ్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నూజివీడు మనిషి వేసవిలో ఉత్తచేతులతో ఎవరింటికీ పోడు. దేశంలోపలి విమానంలో మామూలు టిక్కెట్టు మీద సామాను 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. పది కిలోల పెట్టె ఒకటి పెడితే బట్టలకు అయిదు కిలోలు మిగులుతుంది. రెండో పెట్టెకు అదనంగా కట్టే డబ్బుతో విశాఖలోనే పండ్లు కొనవచ్చు. చిన్నరసాలు నొక్కుకుపోకుండా చేరతాయన్న భరోసా లేదు. రైల్లో అయితే నాలుగు పెట్టెలు సీటు కింద తోసి, పక్కవారికి ఒక పండు పెట్టి పోవచ్చు. ఇక వ్యాపారానికి పంపే కాయకు ఈ విమానం పనికిరాదు. డెబ్బై మందిని ఎక్కించుకున్న ఏటీఆర్‌లో, వారి సామాను పోగా కాయలకు మిగిలే చోటు ఏపాటిది? పైగా పక్వానికి వచ్చి కోసిన బంగినపల్లి కాయ పండటానికి రోజులు పడుతుంది. దానికి గాలిలో మిగిలే నాలుగు గంటలు లాభం కాదు, ఎండలో నిలిచే నాలుగు గంటలు నష్టం. అందువల్ల గన్నవరం-విశాఖ విమానం మామిడిని బాగుచేస్తుందని ఎవరైనా సభలో చెబితే చప్పట్లు కొట్టనక్కరలేదు. అది మనుషుల కోసం నడవవలసిన విమానం.

మనుషుల కోసం కావలసింది పెద్ద పని కూడా కాదు. నూజివీడు డిపో నుంచి ఆగిరిపల్లి మీదుగా నేరుగా విమానాశ్రయం లోపలికి పోయే బస్సు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఆఖరి విమానం దిగాక తిరిగి వచ్చేది ఒకటి ఉంటే చాలు. జంక్షన్‌లో మారే పని తప్పితే ఆరు గంటలు అయిదుకు దిగుతాయి. అప్పుడు విమానానికీ రైలుకూ మధ్య నిజమైన తేడా అంటూ ఒకటి వస్తుంది. బస్సు నిండదేమో అని ఆర్టీసీ వారికి అనుమానం ఉండటం సహజం. ఆ దారిలో ఆగిరిపల్లి, గన్నవరం పోయే మామూలు ప్రయాణీకులు ఎలాగూ ఎక్కుతారు. విమానం వేళలు మారినప్పుడల్లా బస్సు వేళ మార్చుకోవడమే కాస్త శ్రద్ధ పెట్టవలసిన పని. విమానాల పట్టిక ఏడాదికి రెండుసార్లు, మార్చి చివర ఒకసారి, అక్టోబరు చివర ఒకసారి మారుతుంది. బస్సుల పట్టికనూ అప్పుడే దిద్దుకోవచ్చు.

అడ్డుపడుతున్నది ఇంకొకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది. గన్నవరం కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. అంతకుముందు మూడూ ఒకే కలెక్టరు కింద ఉండేవి. ఎవరి గడప ఎక్కి అడగాలో జనానికి తెలిసేది. ఇప్పుడు నూజివీడు మనిషి అర్జీ పట్టుకుని ఏలూరు పోతే, విమానాశ్రయం పక్క జిల్లాది అనవచ్చు. మచిలీపట్నం పోతే, మీ ఊరు మాది కాదు అనవచ్చు. విమానం మూడు జిల్లాల మీదుగా ఎగరడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు గాని, బస్సు ఒక సరిహద్దు దాటడానికి రెండు చోట్ల సంతకాలు కావాలా అన్నది అధికారులే చెప్పాలి.

ఈలోగా చేయగల చిన్న పని ఒకటున్నది. నూజివీడు, ఆగిరిపల్లి, హనుమాన్ జంక్షన్ బస్టాండ్లలో గన్నవరం విమానాల వేళలు, ఏ విమానానికి ఏ బస్సు ఎక్కాలో తెలుగులో రాసి ఒక బోర్డు పెట్టవచ్చు. దానికి కావలసింది రేకు ముక్క, రంగు డబ్బా, రాసేవాడికి ఒక రోజు కూలీ. వచ్చే బంగినపల్లి కోతకు ముందే మార్చి పట్టిక వస్తుంది గనుక, ఆ వేళలు చూసి రాస్తే సరిపోతుంది.